మేమిద్దరం ఎంచిన రైఫిల్

ఆ కబురు నాకు మొదట చెప్పింది, మేం వలస వచ్చిన ఈ దేశంలో మాకు దగ్గరి పట్నంలోని రిక్కార్టన్ పేటలో మన సరుకుల కొట్టు నడిపే ఆంటీ. మేముండే పాడి ఫారం నుంచి పదిహేను రోజులకోసారి గంటకు పైగా డ్రైవ్ చేసుకుని పప్పులకీ కారానికీ ఆమె దగ్గరికే వెళ్తాం. ఆమెది వరంగల్. కందిపప్పు తూస్తూ అంది:

“మీ ఆయన తుపాకి లైసెన్స్ ఫారంల మా ఆయన పేరు గూడ రాసిండంట గదా. పోలీసోళ్ళ తరఫున ఒకామె వచ్చి అడుగుతదంట, మనిషి ఎట్లాంటోడని. మా ఆయన బంగారమని చెప్తడు తియ్. నిన్ను గూడ అడుగుతదంట బిడ్డా. ఆయన్ని బయటికి పంపి, నిన్నొక్కదాన్నే.”

“నన్నెందుకు ఆంటీ?”

“పెండ్లానికి తెల్వనిది ఏముంటది? నువ్వు గూడ బంగారమను, అయిపాయె!” అని నవ్వి, కొత్తిమీర కట్ట ఒకటి ఊరికే సంచిలో పడేసింది.

తిరిగి వస్తున్నంతసేపూ కారులో మా ఆయన ఏ రైఫిల్ మంచిదో చెబుతూనే ఉన్నారు. నేను ఊఁ కొడుతున్నాను. గుండెలో మాత్రం ఎవరో తలుపు గడియ వేసినట్టయింది.

ఎందుకో చెప్పాలంటే అంతకుముందు చలికాలం సంగతి చెప్పాలి. ఆ చలికాలం మా ఇంట్లో మాట ఆగిపోయింది. ఆయన పాలు పితికే షెడ్డు నుంచి వచ్చి, గమ్‌బూట్లు విప్పి, గోడవైపు తిరిగి పడుకునేవారు. అయిదేళ్ళ మా పాప, నాన్నకి ఛార్జింగ్ అయిపోయిందని ఇంగ్లీషులో చెప్పేది. ఒక ఉదయం టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, “నేను లేకపోతే మీరిద్దరూ హాయిగా ఉంటారు” అన్నారు. “అవేం మాటలండీ” అన్నాను. మళ్ళీ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు మేం ప్రార్థనకు కలిసే తెలుగు క్రైస్తవ సహవాసంలో, ఎవరి కోసం ఏం ప్రార్థించాలని అడిగినప్పుడు “ఆయన ఆరోగ్యం కోసం” అన్నాను. అందరూ నడుం నొప్పి అనుకున్నారు. ఒక అక్క నూనె సీసా కూడా ఇచ్చింది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని పెరిగినదాన్ని, ఆ నూనె తీసుకుని వందనాలు చెప్పాను.

పైగా మా వీసా ఆ ఉద్యోగానిది. ఇల్లు ఫారంది. నాకు డ్రైవింగ్ రాదు. వంటింటి కిటికీలోంచి చూస్తే కంచె, గడ్డి, మళ్ళీ కంచె.

వసంతం మొదట్లో ఫారం ఓనరు ఆయన్ని వెనక కొండల్లోకి వేటకు వెంట తీసుకెళ్ళాడు. ఆయన దుప్పి తొడ ఒకటి భుజాన వేసుకుని వచ్చారు. ఆ రోజు భోజనం దగ్గర గంటసేపు మాట్లాడారు. మంచు ఎలా ఉంది, దుప్పి ఎలా తల ఎత్తింది, ఓనరు ఎలా జారిపడ్డాడు... పాప నోరు తెరుచుకుని వింది. నేను సింకు వైపు తిరిగి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ మాంసానికి మిరియాలూ ధనియాలూ పట్టించి వండితే, “ఇక మనకంటూ ఒక రైఫిల్ ఉండాలే” అన్నారు.

అలా మొదలైంది. చవగ్గా ఉండాలి, నమ్మకంగా ఉండాలి. బోల్ట్ యాక్షన్ ఉండాలి. అంటే ప్రతి తూటాకీ చేత్తో పిడి ఎత్తి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసేది. ఇంగ్లీషు చదవడం ఆయనకు విసుగు. చదివిపెట్టేది నేనే. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఒక పేరా చదివించి, పుస్తకం మూసేసి, “ఇప్పుడు నీ మాటల్లో చెప్పు” అనేవారు. నాకు తెలిసిన చదువు అదొక్కటే. అలాగే ఆయన చేత లైసెన్స్ పరీక్ష పుస్తకం చదివించాను.

“ప్రతి తుపాకీనీ...?”

“తూటా నిండి ఉందనుకునే పట్టుకోవాలి, టీచరుగారూ.”

“దేన్ని కాలుస్తున్నామో...?”

“అది దుప్పేనని ఖాయం చేసుకోవాలి. మా ఓనరని తెలిస్తే అప్పుడు ఆలోచించాలి.”

ఎంతకాలానికో ఆయన వేసిన జోకు. నవ్వాను. నవ్వుతూనే, ఈయన చేతికి దీన్ని అందిస్తున్నది నేనే కదా అనుకున్నాను.

పరీక్ష పాసయ్యారు. మూడు రకాల రైఫిళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. ఒకదాని గొట్టాన్ని మోసే ప్లాస్టిక్ చట్రం నొక్కితే వంగి గొట్టానికి తగులుతుందని చదివి కొట్టేశాం. రెండోది తేలికే కాని మామూలు ఇనుము. మా వైపు వానకు నెలలో తుప్పు పట్టేస్తుంది. మూడోది స్టెయిన్‌లెస్. కొంచెం బరువు. దాని తూటాలు మా టౌన్‌లోనే దొరుకుతాయి. “ఇదే” అన్నాను. మంచి సలహా చెప్పాననే సంతోషం కూడా కలిగింది నాకు. దాన్ని ఇప్పటికీ దాచుకోలేను.

టౌన్‌లో తుపాకుల కొట్టతను పెద్దాయన. మూడూ బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తమన్నాడు. “కళ్ళు తెరిచేసరికి స్కోప్‌లో, అదే గురి చూసే దుర్బిణీలో, ఎదురుగా ఉన్నది నిండుగా కనబడాలి. మెడ చాచి వెతుక్కోవాల్సొస్తే అది నీది కాదు” అన్నాడు. మా ఆయన మూడోది ఎత్తి కళ్ళు తెరిచి, “చూశావా!” అన్నట్టు నావైపు తిరిగారు. పెళ్ళిచూపుల తర్వాత ఆ ముఖం మళ్ళీ అప్పుడే చూశాను.

“డబ్బు మిగిలితే స్కోప్ మీద పెట్టండి. చవక రైఫిల్ దెబ్బతినదు, చవక అద్దమే దెబ్బతింటుంది” అని, పెద్దాయన పిడి ఎత్తి బోల్ట్ మొత్తం బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. “ఇది లేకపోతే అది ఉత్త గొట్టం” అన్నాడు.

నాకు దారి దొరికినట్టయింది. “అయితే ఈ ముక్క నేను దాచుకోవచ్చా? తుపాకీ బీరువా తాళంచెవి నా దగ్గర పెట్టుకోవచ్చా?” అని అడిగాను.

“మీకు లైసెన్స్ ఉందా అమ్మా? లేదా? అయితే తాళంచెవి ఎక్కడుందో కూడా మీకు తెలియకూడదు. చట్టం.”

బోల్ట్ తిరిగి ఇచ్చేశాను. లైసెన్స్ వచ్చేదాకా ఆ రైఫిల్ పక్కన పెడతానని పెద్దాయన చీటీ కట్టాడు. మా ఆయన దారంతా ఈల వేశారు.

ప్రార్థనలో ఏమడగాలో తెలియలేదు. లైసెన్స్ రావాలని అడగలేను. రాకూడదని అడిగితే ఆ ఈల ఆగిపోతుంది.

పోలీసుల తరఫున ఆమె వచ్చిన రోజు నేను పులిహోర, గారెలు చేశాను. ఇంటికి అధికారి వస్తే మాకు తెలిసిన మర్యాద అదే. మా ఆయన కూర్చుని మాట్లాడతారు, నేను టీ పెడతాను. ఆమె ఒక గారె తిని మెచ్చుకుంది. తుపాకీ పెట్టే ఇనుప బీరువా గోడకు సరిగ్గా బిగించారో లేదో చూసింది. తర్వాత ఆయనతో, “కాసేపు బయట ఉంటారా?” అంది. ఆయన నావైపు చూసి, కనుబొమలెగరేసి, పాపను తీసుకుని దూడల దగ్గరికి వెళ్ళారు. ఆ చూపులో భయం లేదు. నా మీద నమ్మకం ఉంది.

వంటింటి బల్ల దగ్గర ఆమె నెమ్మదిగా అడిగింది: “ఆయన ఎప్పుడైనా బాగా కుంగిపోయారా? బతకాలని లేదన్నట్టు ఏమైనా అన్నారా?”

బంగారం అన్న మాట నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి ఆయన పాప చెయ్యి పట్టుకుని దూడ నోట్లో పెట్టిస్తూ కనిపించారు. పాప కేరింతలు కొడుతోంది.

“అన్నారు. ఒక్కసారి. మొన్న చలికాలం” అన్నాను. మిగతాదంతా చెప్పాను. ఆమె కాగితాల మీద కలం పెట్టలేదు. ముందు నా చెయ్యి పట్టుకుంది. “ఇది రాయక తప్పదు. మీరు చెప్పారని ఆయనకు నేను చెప్పను” అంది.

“వద్దండీ, నేనే చెబుతాను” అన్నాను.

ఆమె కారు గేటు దాటగానే చెప్పాను. “నువ్వే చదివించావు. నువ్వే ఎంచావు. మళ్ళీ నువ్వే...” అని ఆగి, “నన్ను పిచ్చోణ్ణి చేశావు కదే” అన్నారు. బూట్లు తొడుక్కుని పాలకు వెళ్ళిపోయారు.

వారం రోజులు నేను ఆయన వెనకే గది గదికీ తిరిగాను. తర్వాత ఉత్తరం వచ్చింది: డాక్టరు చూసి రాసిచ్చేదాకా ఏదీ తేల్చరట. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు, నన్ను చదవమనలేదు. కొట్టతనికి తనే ఫోన్ చేసి, ఆ రైఫిల్ ఎవరైనా అడిగితే ఇచ్చేయమన్నారు. ఉద్యోగం పోలేదు. ఓనరు ఏమీ అడగలేదు. అందుకు దేవుడికి వందనాలు. ఉత్తరం వచ్చిన మూడో రోజు, “డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్ళాలో కనుక్కో” అన్నారు.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాం. నేను కారులోనే కూర్చుంటాను. లోపల ఏం మాట్లాడతారో నాకు చెప్పరు. నాతో అవసరమైన మాటలే మాట్లాడతారు: ఉప్పు, గేటు, పాప బడి. ఈల లేదు. చేసింది తప్పనుకోను, కాని ఆ మూడు నెలల ఈల నేనే ఆపానని తెలుసు. ఇది రాస్తానంటే మాత్రం, “రాసుకో. పేరు పెట్టకు” అన్నారు. ఈమధ్య నాతో అన్నవాటిలో అది కాస్త పొడుగు మాటే.

గురువారం మళ్ళీ వెళ్తాం. ఇది చదివినవాళ్ళు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళయినా సరే, ఆ రోజు ఉదయం ఆయన్ని ఒకసారి తలచుకోండి. నన్ను కాదు, ఆయన్ని.