తొట్టిలో నీళ్లు

ఆల్ప్స్ కొండల్లోని ఆ పాత చర్చిని బోర్తోలో చూసుకుంటాడు. రోజూ పొద్దున్నే నడుం పట్టుకుని మెట్లెక్కి, పసిపిల్లలకు జ్ఞానస్నానం చేయించే రాతితొట్టిని తుడిచి, కొత్తనీళ్లు నింపుతాడు. ఊళ్లో బిడ్డ పుట్టి చాలా ఏళ్లయింది. పడుచువాళ్లంతా బతుకుతెరువు కోసం లోయలోకి దిగిపోయారు. మొన్న చర్చి చూడవచ్చిన ఒకావిడ ఆ నీళ్లతో తన చంటిబిడ్డ చేతికంటిన చాక్లెట్ కడిగింది. బోర్తోలో కసురుకోలేదు.

"తల కూడా కాస్త తడుపు తల్లీ," అన్నాడు బతిమాలుతూ.

"ఈ చలిలోనా తాతా! జలుబు చేస్తే రాత్రంతా నువ్వు ఎత్తుకుంటావా?" అని నవ్వేసి ఆమె బిడ్డతో వెళ్లిపోయింది. చలినీళ్లు తగిలిన బిడ్డ దారంతా గుక్కపట్టి ఏడ్చింది. కారు మలుపు తిరిగి, ఆ ఏడుపు బొత్తిగా వినపడకుండా పోయేదాకా బోర్తోలో గుమ్మంలోనే నిలబడ్డాడు.