విల్ఫ్ వంటింట్లో గుడగుడ

హిల్డా సగ్డెన్ బాయిలర్లతో మాట్లాడుతుందని హాలిఫాక్స్‌లోని ఆ వీధిలో చెప్పుకునేవారు. ఆమె చెవి ఆనిస్తే చాలు, అది తన జబ్బేమిటో గుసగుసగా చెప్పేస్తుందట.

కిందటి వేసవిలో ఆ వీధికి కొత్తగా వచ్చిన విల్ఫ్ బారక్లఫ్ ఆ మాటకు నవ్వేవాడు. డిసెంబరులో, నేలంతా మంచు గడ్డకట్టిన ఆ మంగళవారం మాత్రం నవ్వు రాలేదు. నీళ్లు కాచి ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలరు పొద్దున్నే గుడగుడమని ఆగిపోయింది. తుంటి ఆపరేషనై మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉన్న భార్య ఈడిత్ సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరుతుంది. మెకానిక్కేమో గురువారం దాకా రానన్నాడు.

మంచు కరగాలని పక్కింటి గుమ్మం ముందు ఉప్పు చల్లుతున్న హిల్డాను విల్ఫ్ బతిమాలి తీసుకొచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఏప్రాన్ మీదే కోటు తగిలించుకొచ్చి, బాయిలరుకు చెంప ఆనించింది.

"ఇప్పుడు నొక్కు."

విల్ఫ్ మీట నొక్కాడు. అది కాసేపు గుడగుడలాడి ఆగిపోయింది.

"ఏమంటోంది?"

హిల్డా అతని మొహంలోకి చూసింది. "లోపల ఊరే నీళ్లు బయటికి పోవట్లేదంటోంది. అవి పోయే గొట్టం బయట గడ్డకట్టిందేమో, పద పెరట్లోకి."

విల్ఫ్ సలసల కాగే కెటిల్‌తో వెంటబడ్డాడు.

"అది టీకి దాచుకో నాయనా! మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ గొట్టం ఫట్‌మంటుంది. వేణ్నీళ్ల సంచి పట్రా."

సంచి చుట్టి గొట్టాన్ని పావుగంట కాచారు. గుడగుడ పోలేదు. హిల్డా వంగి, గొట్టం కొస దిగిన తూములో చెంచాతో గీకింది. నల్లగా, రాయిలా గడ్డకట్టిన టీ ఆకు.

"టీ కుండ ఎక్కడ దులుపుతున్నావ్?"

విల్ఫ్ మొహం ఎర్రబడింది. "ఈడిత్ అయితే ఆ చివర గులాబీ మొదట్లో పోస్తుంది. చలిలో అంతదూరం ఎవరు నడుస్తారని..."

"మూడు వారాలు! రోజుకెన్ని కుండలు?"

"ఆరు... ఏడు."

"దానికి గొంతుదాకా టీ పట్టించావ్. ఒక్క బిస్కెట్టైనా పెట్టావా?"

గోరువెచ్చటి నీళ్లు పోస్తూ, చెంచాతో తవ్వుతూ ఆకంతా తీశారు. గొట్టంలోంచి బుడుంగుమని నీళ్లు దూకాయి. మీట నొక్కగానే నీలి మంట అందుకుంది.

నాలుగింటికి ఈడిత్ చేతికర్రల మీద వచ్చి, కోటు విప్పి కుర్చీకి తగిలించింది. అప్పుడుగాని విల్ఫ్ ఊపిరి పీల్చుకోలేదు. అటు తిరిగి కప్పులు సర్దుతున్న హిల్డాకు థాంక్స్ చెప్పాడు. మళ్లీ చెప్పాడు. ఆమె పలకలేదు.

"ఎదురుగా వెళ్లి చెప్పు, మొద్దూ," అంది ఈడిత్. "గోడ దగ్గర ఇన్నాళ్లూ మాట్లాడుతున్నావ్, ఆ మాత్రం తెలీలేదా? పెదాలు చూసి మాట పట్టుకుంటుంది."

నలభై ఏళ్లు మిల్లు మగ్గాల మోతలో పనిచేసిన హిల్డాకు రెండు చెవులూ వినపడవు. బాయిలరు వణుకు చెంపకు తెలుస్తుంది, అంతే.