అవ్వ బావిలో ఉప్పు లేదు

నా చిన్నప్పుడు, ఇంకా పదకొండేళ్ళు నిండకముందే, ఒక ముసలావిడకు ఆమె మాట తప్పని రుజువు చేసి చూపించాను. ఆ రుజువులో పొరపాటేమీ లేదు. ఇవాళ చేసినా అదే ఫలితం వస్తుంది. అయినా డెబ్భై దాటిన ఈ వయసులో ఒక్కదాన్నే కూర్చుని తలుచుకుంటే ఆ రోజు చేసిన పనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా వాళ్ళది సంగం దగ్గర పల్లె. పెన్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. మా ఊరి బడి ఐదో తరగతితో ఆగిపోయేది కాబట్టి నన్ను పై చదువుకని తోటపల్లి గూడూరు వైపు, సముద్రపు హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో, మా మేనత్త దగ్గర ఉంచారు. మేనత్త పెళ్ళి చేసుకోలేదు. అక్కడి మిషన్ బడిలో టీచరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. మంచి మనిషే గానీ మాటలు బహు తక్కువ. వీధిలో పిల్లలు నన్ను ఆటకు పిలిచేవాళ్ళు కాదు. టీచరమ్మ మేనకోడలితో ఆడితే తమ గుట్టంతా బడికి చేరుతుందని వాళ్ళ భయం. సాయంత్రం ఇంటికి వచ్చి, మేనత్త వచ్చేదాకా గోడకు చేరగిలబడి కూర్చునేదాన్ని. అమ్మ గుర్తొచ్చేది, ఏడుపొచ్చేది. ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం పక్కింటి అవ్వ దడి మీదుగా తొంగి చూసి, "ఏందిమే, ఒక్కదానివే కూచోనుండావు? ఇట్రా" అని పిలిచింది. ఆ రోజు నుంచి బడి విడిచాక నా చోటు అవ్వ వసారానే. జడ విప్పి, నూనె రాసి, చిక్కు తీసి మళ్ళీ జడ వేసేది. తేగలు ఉడకబెట్టి నార తీసి పెట్టేది. పిల్లలు లేరు, భర్త పోయి నాలుగేళ్ళయింది. జడ వేస్తున్నంతసేపూ ఏదో ఒకటి చెప్పేది. ఆ ఊళ్ళో నాకంటూ ఉన్న మనిషి అవ్వ ఒక్కతే.

అవ్వ ఇంటి ముందు ఒక బావి ఉండేది. భర్త తవ్వించిన బావి. ఒకప్పుడు వీధి వీధంతా ఆ నీళ్ళే తాగేదట. తర్వాత ఒక పెద్ద తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చి ఆ బావిని ముంచేసి పోయింది. అప్పటి నుంచి నీళ్ళు ఉప్పన. ఆడవాళ్ళంతా తెల్లవారుజామునే బిందెలు తీసుకుని సరుగుడు తోటల అవతల చెలమలకు పోయేవాళ్ళు. ఇసకలో మోకాటి లోతు తవ్వితే ఊరే తియ్యటి నీళ్ళు అవి. అవ్వ మాత్రం పోయేది కాదు. తన బావి తుఫాను తర్వాత తేరుకుందని, నీళ్ళు మళ్ళీ తియ్యబడ్డాయని ఆమె మాట. రోజూ పొద్దున చేదతో తోడి, ఒక బిందె నిండా నీళ్ళు, పైన బోర్లించిన గ్లాసుతో గేటు పక్కన పెట్టేది, దారిన పోయేవాళ్ళు తాగుతారని. సాయంత్రానికి బిందె నిండుగానే ఉండేది. ఆ నీళ్ళు కొబ్బరి చెట్టుకు పోసేది.

ఆ బావి నీళ్ళతో కందిపప్పు ఉడికేది కాదు. ఎంతసేపు ఉంచినా పలుకు పలుకుగానే ఉండేది. పప్పు పాతదని అవ్వ అనేది. కొత్త పప్పు తెచ్చుకున్నా ఉడక్కపోతే పుల్లలు పచ్చివనేది. నేను ఒకసారి పుక్కిలించి ఉమ్మేస్తే, పొద్దున పళ్ళు తోముకున్న ఉప్పు నా నోట్లోనే మిగిలిందని నన్నే కోప్పడింది. ఆమె దగ్గర కారణాలకు కొదవ ఉండేది కాదు. ఇవన్నీ నాకు నవ్వుగా ఉండేవి, అవ్వ పాదాలు వాచేదాకా. కాంపౌండరు వచ్చి వేలితో నొక్కి చూస్తే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఒంట్లో ఉప్పు ఎక్కువైంది, తగ్గించకపోతే మనిషి దక్కదన్నాడు. అవ్వ ఆ రోజే ఎండుచేపలు మానేసింది, ఆవకాయ జాడీ మాకు ఇచ్చేసింది. బావి నీళ్ళు మాత్రం మానలేదు.

నాకు భయం పట్టుకుంది. అవ్వ పోతే మళ్ళీ నాకు ఆ గోడే గతి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా సైన్సు సారు నీళ్ళను ఎండబెడితే అందులో కరిగిన ఉప్పు మిగిలిపోతుందని చెప్పాడు. ఇంకేం, అవ్వ ప్రాణం నా చేతిలో ఉందనుకున్నాను. రెండు ఇత్తడి పళ్ళేలు చింతపండు పెట్టి తోమి, ఒకదాంట్లో అవ్వ బావి నీళ్ళు, ఇంకొకదాంట్లో చెలమ నీళ్ళు పోసి మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టాను. చెలమ నీళ్ళ పళ్ళెంలో ఏదో పల్చటి మరక. అవ్వ బావి నీళ్ళదాంట్లో గోరుతో గీకితే రాలేంత తెల్లటి ఉప్పు.

అక్కడితో ఆగి, ఆ పళ్ళెం తీసుకుపోయి అవ్వకు ఒక్కదానికే చూపించి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నాకు నా తెలివి పదిమందికీ చూపించుకోవాలని ఉండింది. సాయంత్రం బావి దగ్గర నిలబడి దారిన పోయే ఆడవాళ్ళను పిలిచాను. పళ్ళేలు రెండూ బావి గట్టు మీద పెట్టి బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఒకామె వేలు అద్దుకుని నాకి చూసి ముఖం వికారంగా పెట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అవ్వ ఆ ఉప్పు వైపు చాలాసేపు చూసింది.  గేటు పక్కన బిందె మీది గ్లాసు తీసి, నీళ్ళు ముంచి నన్నే చూస్తూ గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. మూడోది తాగేటప్పుడు నీళ్ళు గడ్డం మీదుగా చీర మీదికి కారాయి. "తియ్యంగుండాయి" అంది. తర్వాత ఆ పళ్ళెం తీసుకుపోయి శుభ్రంగా తోమి, తుడిచి, మా గుమ్మంలో పెట్టి తలుపేసుకుంది.

ఆ తర్వాత అవ్వ నన్ను పిలవలేదు. దడి దగ్గర నిలబడితే చూడనట్టే లోపలికి పోయేది. నా జడ నేనే వేసుకునేదాన్ని, పాపిట వంకరగా వచ్చేది. అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఏమిటంటే, అంతకుముందు సగం దాహం మజ్జిగతోనే తీర్చుకునే అవ్వ, ఇప్పుడు వసారాలో కుండలోంచి గ్లాసుతో ముంచుకొచ్చి, దారిన పోయేవాళ్ళకు కనపడేలా గేటు దగ్గర నిలబడి మరీ ఆ నీళ్ళు తాగుతోంది. వాపు పిక్కల దాకా పాకింది. నేను కాపాడబోయి చంపుతున్నానని నాకు అర్థమైంది, ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

మేనత్తకు జరిగింది తెలిసింది. తిట్టలేదు. కానీ వారం తిరక్కుండానే ఒక విషయం గమనించాను. పొద్దున్నే చెలమకు రెండు బిందెలతో పోయే మనిషి ఇంటికి ఒక్క బిందె నీళ్ళే తెస్తోంది. ఒక రోజు వెనకాలే పోయి చూశాను. మేనత్త అవ్వ ఇంటి పెరటి వైపు నుంచి వసారాలోకి వెళ్ళి, తాగే కుండలో ఉన్న బావి నీళ్ళు కొబ్బరి మొదట్లో కుమ్మరించి, చెలమ నీళ్ళతో కుండ నింపి, మూత పెట్టి చప్పుడు కాకుండా వచ్చేసింది.

నెల తిరిగేసరికి అవ్వ కాళ్ళ వాపు తీసింది. ఇక చూడండి ఆమె సంబరం. పప్పు కూడా వెన్నలా ఉడికింది కదా! గేటు దగ్గర నిలబడి పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ పిలిచి, "నా బావిని ఉప్పుబావి అంటిరే, తాగినందుకు నా కాళ్ళు ఎట్టా తగ్గినాయో చూడండి" అని చూపించేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం నిలిచినందుకు సంతోషించాల్సింది పోయి, నా రుజువు ఓడిపోయిందని ఏడుపొచ్చింది. మర్నాడు చెలమకు మేనత్తతో పాటు పోతూ నిలదీశాను, ప్రతి ఆదివారం అబద్ధం పాపమని చెప్పే నువ్వే ఇలా చేయొచ్చా అని.

"నేనేం చెప్పినాను? కుండలో నీళ్ళు పోసినాను, అంతే" అంది మేనత్త.

సరుగుడు తోటల్లోకి వచ్చాక, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె అంత పొడుగ్గా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. తుఫాను తగ్గాక అవ్వ భర్త బావిని బాగుచేయాలని దిగాడట. రోజల్లా నడుముల్లోతు నీళ్ళలో నిలబడి బురద ఎత్తడం, ఉప్పునీళ్ళు తోడడం. తోడేకొద్దీ అడుగు నుంచి ఉప్పు ఊరుతూనే ఉంది. పది రోజులకు ఆయన ఇక నావల్ల కాదన్నాడు. ఇంకో నాలుగు రోజులు దిగితే తేరుకుంటుందని బతిమాలి దింపింది అవ్వే. ఆ నాలుగు రోజుల్లోనే ఆయనకు నెమ్ము చేసి, జ్వరంతో పోయాడు.

"నువ్వు పళ్ళెం ముందర పెట్టి ఉప్పు చూడమంటివి. ఆ యమ్మకి కనపడింది ఉప్పు కాదు మే" అంది మేనత్త. నీళ్ళు తియ్యబడకపోతే ఆయన దేనికి పోయినట్టు, ఎవరు పంపితే పోయినట్టు? ఆ ప్రశ్న మేనత్త అడగలేదు. మిగతా దారంతా నన్ను నేనే ప్రశ్నించుకుంటూ నడిచాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మేనత్తకు జ్వరం వచ్చింది. ఆ పొద్దున నన్నే పోయి నీళ్ళు పోసి రమ్మంది. బిందె బరువుకు అక్కడక్కడా ఆగుతూ, అవ్వ పెరటి తలుపు ఎలా తీయాలా అనుకుంటూ పోయాను. తలుపు గడియ తీసే ఉంది. లోపల కుండలో బావి నీళ్ళు ఉంటాయని, పారబోయాలని అనుకున్నాను. కుండ ఖాళీగా ఉంది. అప్పుడే కడిగిన తడి ఇంకా ఆరలేదు. మూత పక్కన తీసిపెట్టి ఉంది.

నీళ్ళు పోస్తుంటే చప్పుడైంది. వసారాలో నులకమంచం మీద అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. అటు తిరిగే, "మూత సరింగ పెట్టి పో మే, పిల్లి మూతి పెడతాది" అంది.

 మూత పెట్టి వచ్చేశాను. ఆ సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అవ్వ దడి దగ్గర దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది. ఆ జడేంది ఎలక కొరికినట్టు అని విసుక్కుంటూ కూర్చోబెట్టి, చిక్కు తీసి గట్టిగా జడ వేసింది. నీళ్ళ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంకో ఆరేళ్ళు బతికింది. బతికినన్నాళ్ళూ తన బావి నీళ్ళు తియ్యనివనే చెప్పింది. ఎవరైనా నన్ను అడిగితే నేనూ అవునన్నాను.

పెద్దయ్యాక నేను సైన్సు టీచరునే అయ్యాను. ఆ పొద్దుటి సంగతి బాగా ఒంటబట్టిందనే అనుకున్నాను. ఎక్కడ ఒంటబట్టింది! రెండేళ్ళ కిందట కొడవలూరులో ఉన్న మా తమ్ముడు షుగర్ మాత్రలు మానేసి ఏదో ఆకు పొడి మింగుతున్నాడని తెలిసి, రిపోర్టులన్నీ పట్టుకుపోయి, వాళ్ళ వియ్యంకుడు కూర్చుని ఉండగానే బల్ల మీద పరిచి వరసగా చదివాను. తమ్ముడు లేచి పొలానికి పోయాడు. మళ్ళీ ఫోను చేయలేదు. మా ఆయన పోయాక నెల్లూరులో ఒంటరిగా ఉంటున్న నాకు వారం వారం ఫోను చేసే మనిషి వాడొక్కడే. ఆ రెండేళ్ళూ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండిందో నాకే తెలుసు. అయినా నేను చెప్పింది నిజమేగా అనుకుంటూ బింకంగా కూర్చున్నాను.

మొన్న వాడి కొడుకు ఫోను చేసి, నాన్నకు కాలి మీద పుండు మానడం లేదత్తా అన్నాడు. మళ్ళీ కాగితాలన్నీ సంచిలో సర్దాను. బస్సుకు బయల్దేరే ముందు తీసి బీరువాలో పెట్టేశాను. వాడి ఇంట్లో కూర్చుని, నీళ్ళు కాచి ఆ పుండు కడిగి కట్టు కట్టాను. అన్నం తిన్నాక, మా మరదలు చివరి రోజుల గురించి మొదటిసారి అడిగాను. మూడేళ్ళ కిందట పోయింది ఆ పిల్ల. ఆ ఇంటి మనిషినై ఉండీ ఇన్నాళ్ళూ నేను అడగలేదు. వాడు గంటసేపు చెప్పాడు. డాక్టరు రాసిన ప్రతి మాత్రా వేళ తప్పకుండా వాడే ఆమె అరచేతిలో పెట్టాడట. "నా చేత్తోనే ఇచ్చినా గదక్కా" అని ఏడ్చాడు.  భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఇప్పుడు ప్రతి గురువారం కొడవలూరు పోతున్నాను. మాత్రల మాట ఎత్తడం లేదు. భయంగానే ఉంటుంది, ఆలస్యం అయిపోతుందేమోనని, ఒక్కోసారి నాలుక చివరి దాకా వస్తుంది. మింగేస్తాను. ఎదుటి మనిషి ఏ బరువు మోస్తూ అబద్ధాన్ని పట్టుకున్నాడో తెలుసుకోకుండా నిజం చేతిలో పెట్టబోతే, పెట్టుకోవడానికి వాళ్ళకు ఖాళీ చెయ్యి ఉండదని నాకిప్పుడు తెలుసు. ఆ ఊళ్ళో ఆ అవ్వ దగ్గర నేర్చుకుని, డెబ్భై దాటాక కానీ వాడుకోలేకపోయాను.

పోయిన గురువారం వంగి కట్టు కడుతున్నాను. పైనుంచి తమ్ముడు, పొలం సంగతేదో అడిగినట్టు, "ఆ మాత్రలు అన్నానికి ముందరా, తర్వాతా అక్కా?" అన్నాడు.

"తిన్నాక" అన్నాను, తల ఎత్తకుండానే.