తెంపిన గడ్డిపోస

జామపండ్లమ్మే కిష్టవ్వ నోట్ల నోరు పెట్టి గెలిచినోడు మొజంజాహీ మార్కెట్ల ఒక్కడు లేడు. జామపండు పిసికి చూస్తే "మీ అత్త గదువ అనుకున్నవా?" అంటది. గసొంటి నోరు నాంపల్లి టేషన్ గేటు కాడికి పోంగనే మూతవడుతది.

గాడ హమాలీ మొగులయ్య ఉంటడు. ఏడేండ్ల కింద ఆమె మొగడు. పోలీస్ యాక్షన్ అయినంక ఊరికి మల్లుదామని ఆయన, పట్నం ఇడిసి రానని ఈమె. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే. కులపెద్దలు కూసోని, చెరో కొస పట్టిచ్చి గడ్డిపోస తెంపిచ్చిన్రు. మనువు గూడ గాడికే తెగింది. మూన్నెల్లు తిరక్కముందే మొగులయ్య ఊర్ల ఉండలేక మల్ల పట్నమొచ్చిండు. కానీ పోస తెంపుకున్నోల్లు మల్ల కలిస్తే కులం వెలేస్తది. ఆయన మారుమనువు చేసుకోలే, ఈమె చేసుకోలే. తన సగం పోసను మాత్రం వక్కాకుల సంచిల దాసుకున్నది.

ఆబిడ్స్‌ల కూసుంటే గంప గడియల ఖాళీ అయితది. అయినా మాపటికి టేషన్‌కే పోతది.

"ఏమమ్మా, పండ్లు తియ్యగున్నయా?" అంటడు మొగులయ్య.

మొగడై ఉన్నప్పుడు "ఏందే" అనేటోడు. గా "అమ్మా" కిష్టవ్వకు ముల్లు లెక్క దిగుతది.

యాభై అయిదుల, వానకాలం. ఆబిడ్స్‌ల వకీలు విద్యాసాగర్ జామపండు నములుకుంట పేపర్ సదువుతున్నడు. "కిష్టవ్వా, ఢిల్లీల కొత్త కానూన్ చేసిన్రు. ఇగ పెండ్లి తెంపాల్నంటే కోర్టే తెంపాలె."

"మరి మా గడ్డిపోసో, వకీల్‌సాబ్?"

"గడ్డి బర్రె తింటది గని, కోర్టు తింటదా?"

కిష్టవ్వ తక్కెడ గాడనే పారేసి టేషన్‌కు ఉరికింది. మొగులయ్య నెత్తి మీద ట్రంకుపెట్టె ఉన్నది.

"మన తెంపుడు చెల్లదట. కానూన్ వచ్చింది. కులపోల్లు అడిగితే సర్కార్‌ను అడుగుమందాం."

ఆయన పెట్టె దించిండు. తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. తడి లేకున్నా మల్ల తుడుసుకున్నడు.

"ఏందే, నిజమేనా?"

ఏడేండ్లకు ఇన్నది గా మాట. రేపు మాపటికి సామాను తీసుకోని ఇంటికొస్తనన్నడు.

తెల్లారి విద్యాసాగరే ఆమెను పిలిచిండు. "నీ కోసమని కానూన్ పుస్తకం మొత్తం సదివిన. కులం ఆచారంతోని తెంపుకున్నది చెల్లుతదని దాంట్లనే రాసిన్రు. ఆ మనిషి ఇగ నీ జోలికి రాలేడు. ఫికర్ చెయ్యకు." పండుగ ముచ్చట చెప్పినట్టు నవ్విండు.

ఎన్నడూ తమసొంటోల్ల మాట ఇనని సర్కార్, ఇనక ఇనక గీ ఒక్క కులం ముచ్చటనే ఇన్నది. కిష్టవ్వ వకీలుకు రెండు పండ్లు ఊకెనే ఇచ్చింది, ఏరి మరీ పుల్లటియి.

మాపటికి మొగులయ్య ఉతికిన అంగేసుకోని, చంకల మూటతోని గేటు కాడ నిలవడ్డడు.

"ఏందే, వకీలు మల్లేమన్నా అన్నడా?"

ఆమె సంచిల చెయ్యి పెట్టింది. పోస ఏలికి గరుకుగ తగిలింది.

"ఏమంటడు. పండ్లు పుల్లగున్నయన్నడు."

మొగులయ్య ఆమె గంప గుంజుకోని తన నెత్తికెత్తుకున్నడు. కిష్టవ్వ ఎనుక నడిచింది. ఇంకోపారి అడుగుతడేమోనని భయం. అడుగకపోతే గా "ఏందే" ఇనవడదేమోనని బెంగ.