డబ్బాకు చాయ్

ఆ రోజుల్లో నా జేబులో తాళంచెవుల గుత్తి, నడకలో కలెక్టరు దర్జా ఉండేవి. భవనాల నిర్వహణ చూసే మా దుబాయ్ కంపెనీలో కరెంటు పొదుపు ఉద్యమం మొదలైంది. గోడమీది ఏసీ థర్మోస్టాట్‌ను ఇరవై నాలుగు దగ్గర పెట్టి, ఎవరూ ముట్టకుండా దానిమీద కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళం వేయడం నా పని. (ఇందుకే ఇంజనీరింగ్ చదివానని ఇంట్లో చెప్పలేదు.) ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ముదీర్, అంటే మా మేనేజరు, సంతకం పెడితేనే ఉద్యోగం నిలిచేది.

కూలీలుండే సోనాపూర్ క్యాంపులో నైట్ డ్యూటీ వాళ్లు పగలు పడుకునే గదులకు ముందుగా తాళాలు వేశాను. నెల తిరిగినా మీటరు లెక్క రవ్వంతైనా తగ్గలేదు. ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూద్దును కదా, వేసిన తాళం వేసినట్టే ఉంది. డబ్బా కింద దారంతో కట్టిన గ్లాసులో చాయ్ పొగలు కక్కుతోంది. ఆ వేడికి గది కాలిపోతోందనుకుని ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఇదేమిటని గద్దించాను. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దాయన, క్యాంపంతా కాకా అని పిలిచే మనిషి, మంచం మీంచి లేవనైనా లేవలేదు.

"డబ్బకు చాయ్ తాపుతున్నం సారూ. తలుపుకాడ నీ డబ్బ సల్లగనే ఉంటది, ఏసీ బందైతది. కిటికీకాడ మాకే నిద్ర వడ్తలేదు. జర గా సందుల చెయ్యి వెట్టి సూడు."

పెట్టాను. కిటికీ చట్రం చుట్టూ వేలు దూరేంత సందు. అందులోంచి పెనం మీది సెగలా గాలి కొట్టింది. పై మంచం ఎక్కి పడుకుంటే పది నిమిషాల్లో కలెక్టరుగారు చొక్కా విప్పేశారు. పొదుపు పేరుతో మేము ఎడారిని చల్లబరుస్తూ, రాత్రంతా పనిచేసి వచ్చినవాళ్ల నిద్రకు తాళం వేశాం. ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

ముదీర్ గదిలో ఏసీ పద్దెనిమిది. చలికి కోటు వేసుకుని కూర్చుని, సంగతంతా విని గ్లాసులు కట్టినవాళ్లకు జరిమానా వేయమన్నాడు. నేను చేతిలో మిగిలిన డబ్బాను ఆయన గోడకే, ఇరవై నాలుగు దగ్గర, బిగించి తాళం వేశాను.

"యల్లా, త్వరగా తాళంచెవి ఇటివ్వు" అన్నాడు.

"క్యాంపు కిటికీల సందులు మూయించండి సార్, ఇస్తాను" అన్నాను. (చేతులు జేబుల్లో దాచుకున్నాను. ఏసీ చలికే అనుకోండి.)

ఆయన తలుచుకుంటే డబ్బా పగలగొట్టించవచ్చు. కానీ ఇరవై నాలుగు చాలంటూ లిఫ్టు పక్కన అంటించిన పోస్టరు మీద నవ్వుతున్నది ఆయనే. నాలుగో రోజుకు కోటు కుర్చీ వీపుకెక్కింది, సోనాపూర్‌కు రబ్బరు పట్టీలు బయలుదేరాయి. నా ప్రొబేషన్ మాత్రం ఇంకో ఆరు నెలలు పొడిగించాడు. పొడిగించనీ అనుకున్నాను. పట్టీలు వేసిన రోజున కాకా నా చేతికి గ్లాసు అందించి, "ఇగ డబ్బకు అక్కర్లేదు, నువ్వే తాగు" అన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో నాకూ ఒక చల్లటి గది ఉంది, కోటూ ఉంది. ఈమధ్య కొత్తగా చేరిన అమ్మాయి నా గోడకూ ఇరవై నాలుగు దగ్గర డబ్బా బిగించి, ఎంత అడిగినా తాళంచెవి ఇవ్వకుండా వెళ్లిపోయింది. బాగా వేడిగా చాయ్ తెప్పించుకుని, గ్లాసు పట్టుకుని ఆ డబ్బా కింద చాలాసేపు నిలబడ్డాను. దారం కూడా దొరికింది. చివరికి నవ్వొచ్చి, కోటు విప్పి, నేనే తాగేశాను.