వాష్‌బేసిన్‌లో రాతిపొడి

మా చిన్నాన్న వంటింటి గట్ల మీద పరిచే నల్లరాయి కోసేవాడు. మంచి చెయ్యి, మొండి బుర్ర. నీళ్ళు పోస్తూ కోస్తే పొడి లేవదని తోటివాళ్ళు చెబితే, తడికి గీత చెరిగి సింకు రంధ్రం వంకర పోతుందనేవాడు. మాస్కు పెట్టుకుంటే కళ్ళద్దాలకు ఆవిరి పడుతుందట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

దగ్గు ముదిరాక డాక్టరమ్మ నీళ్ళలో వేస్తే పొంగే బిళ్ళ రాసింది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో చేసిందని, కఫాన్ని పలచన చేస్తుందని, యాంటీఆక్సిడెంట్ కూడా అని చెప్పింది. రోజుకొకటే వేసుకోమంది. ఆస్తమా గానీ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర గానీ ఉంటే ముందే చెప్పమంది. అవేవీ లేవు. పని మాత్రం మానేయాలంది. ఆ చివరి మాట చిన్నాన్న చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున బిళ్ళ తాగిన కాసేపటికి వాష్‌బేసిన్‌లో బూడిదరంగు కఫం పడింది. చిన్నాన్న పిన్నినీ నన్నూ పిలిచి మరీ చూపించాడు.

"చూశారా, రాయి కరిగి వచ్చేస్తోంది."

"మాకు చూపించడానికి ఇంకేం దొరకలేదా?" అంది పిన్ని.

"పగలు పీల్చింది పొద్దున్నే కక్కేస్తున్నా. ఇంక పని మానడం దేనికే?"

మళ్ళీ రంపం పట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. వచ్చేది కొత్త పొడి, పాతది లోపలే ఉందంటే, "నువ్వేమైనా లోపలికెళ్ళి చూసొచ్చావా?" అనేవాడు. రోజూ బూడిదరంగు చూసుకుని తృప్తిగా పనికి పోయేవాడు.

చివరికి రాతిపలక ఎత్తలేక, నాలుగు మాటలు గుక్కతిప్పుకోకుండా చెప్పలేక ఇంట్లో కూర్చున్నాడు. కొన్నాళ్ళకు కఫం తెల్లగా రావడం మొదలైంది. మేం సంతోషించాం. ఆయన మాత్రం బిళ్ళ పనిచెయ్యడం మానేసిందని దిగులుపడ్డాడు. మాకు చెప్పకుండా పూటకు రెండేసి వేసుకుని వాంతులు తెచ్చుకున్నాడు. పిన్నీ నేనూ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆవిడ ఎక్సరే వెలుతురుకు పట్టి చూపించింది. "ఈ మచ్చలన్నీ రాతిపొడి చేసిన గాయాలండి. గట్టిపడిపోయాయి. బిళ్ళ కఫాన్ని వదులు చేస్తుంది, రాయిని తియ్యలేదు. ఎక్కువ వేసుకుంటే కడుపు పాడవుతుంది, అంతే."

"మరి ఇన్నాళ్ళూ బూడిదరంగులో వచ్చిందో?" అన్నాడు చిన్నాన్న.

"అది ముందు రోజు పీల్చిన పొడండి."

"పాతది?"

"అది పోదండి."

చిన్నాన్న ఎక్సరే అందుకుని మచ్చల మీద వేలితో తుడిచి చూశాడు. ఆ మొహం చూసి నాకు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఒక్క బిళ్ళే వేసుకుంటున్నాడు. దగ్గి, వాష్‌బేసిన్ అంచు పట్టుకుని అలాగే వంగి చూస్తూ ఉంటాడు. ఇవాళ పిన్ని వంటింట్లోంచి అడిగింది, ఏమైందని.

"ఏం లేదే. ఇవాళ కూడా తెల్లగానే వచ్చింది," అని కుళాయి తిప్పాడు.