గ్రంథాలయంలో సెంట్ల లెక్క

నలభై ఒకటో ఏట నేనొక గ్రంథాలయాన్ని గంటలో సర్వే చేసి సర్వనాశనం చేశాను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి.

ఆత్మకూరు చుట్టూ పొలాల హద్దులు, బావుల లోతులు లెక్కగట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు, టేపు, పెన్సిలు, మొండితనం, అంతే. ఆ వయసులో దూరవిద్య డిగ్రీలో చేరాను. మా ఊరి బావుల మీద, వానల మీద వ్యాసం మరునాడు పొద్దున్నే ఇవ్వాలి. లేకుంటే ఏడాది పోయినట్టే. బావుల లెక్క నా దగ్గరుంది. వానల లెక్క మాత్రం కర్నూలు గ్రంథాలయంలో ఒకే ఒక్క పుస్తకంలో ఉందట.

లోపల అడుగుపెట్టి నిలబడిపోయాను. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే! రోజుకొకటి చదివితే ఎన్నేళ్లు పడుతుందో లెక్కవేసి, దానికి నా వయసు కలిపి చూసుకుని, ఆ లెక్క అక్కడే కొట్టేశాను. చెప్పులు అప్పటికే బయట విడిచి వచ్చాను, గుడికి వచ్చినట్టు.

"ఏం కావాలప్పా?" అంది గ్రంథాలయాధికారి మేరమ్మ.

"వానల పుస్తకం మేడమ్."

"551 బీరువాలో చూడు. నేను అన్నం తినొస్తా."

చూశాను. పుస్తకాల అట్టల మీద అంకెలు అతికించి ఉన్నాయి. 551.57 తర్వాత 551.6! మా పొలాల లెక్కలో చుక్కకు ముందు ఎకరాలు, తర్వాత వచ్చేవి సెంట్లు, ఎకరాకు నూరు. యాభై ఏడు సెంట్ల తర్వాత ఆరు సెంట్లా? పైగా ఆరుకు ముందు సున్నా రాయడం కూడా మరిచారు పాపం. ఇంత పెద్ద చదువుల గుడిలో లెక్క వచ్చినవాడు ఒక్కడూ లేడే అని జాలేసింది. చొక్కా చేతులు మడిచి సర్దడం మొదలుపెట్టాను. పేర్లు చదవలేదండీ, అంకెలే చదివాను. ఎలుకను పట్టడానికి కొండను తవ్వేవాళ్లుంటారు; నేను ఆ కొండను పక్క ఊళ్లో పోశాను.

"ఏం చేస్తాండావప్పా?" అంది అన్నం తినొచ్చిన మేరమ్మ.

"సరిచేస్తాండా మేడమ్. శానా తప్పులుండాయి."

ఆమె ముఖం పాలిపోయింది. "వానల పుస్తకం దొరికిందా?"

"అదొక్కటే లేదు మేడమ్."

రిజిస్టరు తీసింది. "551.577. పొద్దున కూడా ఈడనే చూస్తిని. యాడికి పోతాది?"

నేను వేళ్ల మీద లెక్కవేశాను. "మేడమ్... 577 సెంట్లంటే ఐదెకరాల డెబ్భై ఏడు సెంట్లు కదా. 551కి ఐదు కలిపితే..."

అవతలి బీరువాలో, 556 పక్కన దొరికింది.

"పుస్తకాలు చదివేకి వచ్చినావా, పంట పెట్టేకి వచ్చినావా?" అని తల పట్టుకుంది. "చుక్క తర్వాత ఒక్కో అంకె చూడాల. ఐదు ముందు, ఆరు తర్వాత. రెండు పుస్తకాల నడుమ కొత్తది వస్తే ఇంకో అంకె తగిలిస్తాం. దాని నడుమ ఇంకొకటి."

"ఎంతవరకు మేడమ్?"

"ఎంతవరకైనా."

నేను నోరు తెరిచాను. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూసినవాణ్ణి. ఏ రెండింటి నడుమనైనా మరొకదానికి చోటుండే లోకం కూడా ఉందా!

"నోరు తర్వాత తెరువు. ఐదుకు మూసేస్తాం. అన్నీ యాడివి ఆడ పెడితేనే నీకు పుస్తకం."

పెట్టేసరికి ఐదుకు పది నిమిషాలుంది. ఆ పుస్తకం ఇంటికివ్వరు, అక్కడే ఎత్తి రాసుకోవాలి; రాయాల్సింది ముప్ఫై ఏళ్ల వాన. గడియారం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మేరమ్మ నిట్టూర్చి, ఎదురుగా కూర్చుని, ఏడాది తర్వాత ఏడాది చదివింది. నేను రాశాను. ఐదు దాటినా చదివింది.

వ్యాసం గట్టెక్కింది. నెల తర్వాత బనగానపల్లె మామిడిపళ్లతో దండం పెట్టడానికి పోతే, ఆ బీరువాకు కాగితం అతికించి ఉంది: "ఇక్కడ సెంట్ల లెక్క చెల్లదు."

దాని కిందే నిలబడి కుడిచేయి చాచి ప్రమాణం చేశాను: "బతికుండగా ఏ బీరువానూ సర్వే చేయను. అంకెల్లో చుక్క కనపడితే చేతులు కట్టుకుంటాను."

"కట్టుకుంటే చాలదప్పా," అంది వెనకనుంచి మేరమ్మ, "జేబుల్లో పెట్టుకో."